సున్నితమైన కడుపున్న కుక్కకు ఎక్కువసేపు వచ్చే చ్యూను ఎంచుకోవడం ఎలా?

కుక్క నమలకుండా ఉండలేదు. మూడో నెల నుంచి ఏడో నెల వరకు 28 పాలపళ్లు ఊడి, 42 శాశ్వత దంతాలు వచ్చే దశలో చిగుళ్ల సలుపు తీరడానికి నములుతుంది. పెద్దయ్యాక పొద్దుపోక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు బెంగ తీరక నములుతుంది. తగిన వస్తువు మనం ఇవ్వకపోతే చెప్పులు, సోఫా అంచులు, ఛార్జర్ వైర్లు ఆ పనికి వస్తాయి. అయితే కాస్త తిండి మారితే చాలు విరేచనాలు పట్టే కుక్క ఇంట్లో ఉన్నప్పుడు చ్యూ, అంటే నమలడానికి ఇచ్చే వస్తువు, కొనడం కూడా ఆలోచించి చేయవలసిన పని అవుతుంది. పెట్ షాపులో ‘చాలాసేపు వస్తుంది’ అని చెప్పి ఇచ్చేవాటిలో ఎక్కువ భాగం మరీ గట్టివి, లేదా తేలికగా అరగనివి. గట్టివి పళ్లను విరుస్తాయి, అరగనివి పేగుల్లో చిక్కుతాయి. కాబట్టి ఎంత గట్టిగా ఉంది అని చూసి కొనే అలవాటును ముందు మానుకోండి. మెత్తని, తేలికగా అరిగే ఆహారాన్నే కుక్క అరగంట సేపు నాకుతూ, కొరుకుతూ గడిపేలా ఇవ్వవచ్చు. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఆ దిశలోనే సాగుతాయి.

మొదట కడుపు సంగతి తేల్చుకోండి

విరేచనాలు మూడు వారాలకు మించి విడతలు విడతలుగా వస్తున్నా, బాగా తింటూనే బరువు తగ్గుతున్నా, తరచూ కక్కుతున్నా చ్యూ గురించి ఆలోచించే ముందు పశువైద్యుణ్ణి కలవండి. మల పరీక్షలో నులిపురుగులు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి వంటివి బయటపడితే ఆ చికిత్సతోనే సగం సమస్య తీరవచ్చు. జర్మన్ షెపర్డ్ జాతిలో క్లోమం తగినంత జీర్ణరసాలను తయారు చేయలేని లోపం కనబడుతుంది. మినియేచర్ ష్నాజర్‌కు రక్తంలో కొవ్వు పెరిగి క్లోమం వాచే ప్రమాదం ఎక్కువ. బాక్సర్‌లోనూ ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లోనూ ఒక రకం పెద్దపేగు వాపు వస్తుంది. ఇలాంటి కుక్కకు ఏ చ్యూ మంచిదో దుకాణదారుడు చెప్పలేడు.

ప్రస్తుతం కడుపు చెడి ఉంటే ఏ కొత్త వస్తువూ ఇవ్వకండి. మలం గట్టిపడి, నేల మీద మరక మిగలకుండా తీయగలిగే స్థితికి వచ్చి, కనీసం వారం రోజులు అలాగే నిలిచిన తరువాతే తరువాతి మెట్టుకు వెళ్లండి. ఈ లోపు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని తేదీ, పెట్టిన తిండి, మలం తీరు రాసుకుంటే మంచిది. ‘ఏమీ పెట్టలేదు’ అని అందరూ అనుకునే ఇంట్లో కూడా తాతగారు ఇచ్చిన బిస్కెట్టు, పనిమనిషి వేసిన కోడి చర్మం, పిల్లవాడు పంచుకున్న చిప్స్ ఆ పుస్తకంలోకి ఎక్కుతాయి.

ఆహారపు అలెర్జీ అనుమానం ఉంటే జాగ్రత్త ఇంకా పెరగాలి. కుక్కల్లో అలెర్జీ కలిగించే ఆహారాలపై 2016లో వచ్చిన ఒక సమీక్షలో మొదటి స్థానం గొడ్డు మాంసానిది. ఆ తరువాత పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమలు వచ్చాయి. మార్కెట్లో దొరికే చ్యూలలో అధికభాగం ఈ నాలుగింటిలో ఏదో ఒకదానితోనే తయారవుతాయి. డాక్టరు ఒకే ప్రోటీన్ ఉన్న ఆహారం మీదో, హైడ్రోలైజ్డ్ ఆహారం (ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టినది) మీదో పెట్టి పరీక్షిస్తున్న కాలంలో, ఆ కాలం కడుపు లక్షణాలకు రెండు నుంచి నాలుగు వారాలు, చర్మపు దురదకైతే కనీసం ఎనిమిది వారాలు ఉంటుంది, కోడి రుచి పూసిన ఒక్క పుల్ల ఇచ్చినా ఆ పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది. అలాంటి కుక్కకు దారి ఒకటే: డాక్టరు రాసిన ఆహారాన్నే చ్యూగా మార్చి ఇవ్వడం. ఎలా చేయాలో కింద చెబుతాను.

ప్యాకెట్ వెనుక వైపు చదవండి

ముందు వైపు బొమ్మలకు విలువ ఇవ్వకండి. వెనుక పదార్థాల జాబితా ఎంత చిన్నదైతే అంత మంచిది. ఒకటి రెండు పేర్లతో ముగిసే వస్తువు కడుపుకు పడకపోతే కారణం వెంటనే తెలుస్తుంది, పదిహేను పేర్లున్నదానితో అది తెలియదు. ‘మాంసం, జంతు ఉత్పత్తులు’ అని జంతువు పేరు చెప్పకుండా వదిలేసినది అలెర్జీ ఉన్న కుక్కకు పనికిరాదు. మెత్తగా, జిగురుగా ఉండే చ్యూలలో తేమ నిలవడానికి గ్లిజరిన్, సార్బిటాల్ కలుపుతారు. ఇవి ఎక్కువైతే మలం పలచబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేసిన చవక మంచీ స్టిక్స్‌లో ఆ రంగులు కొనేవారి కోసమే, కుక్కకు వాటితో పనిలేదు.

ఉల్లి, వెల్లుల్లి పొడులు రుచి కోసం కలిసి ఉంటే ఆ ప్యాకెట్ తిరిగి పెట్టేయండి, ఆ రెండూ కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. జైలిటాల్ అనే తీపి పదార్థం ఇంకా ప్రమాదకరం. అది కొన్ని పీనట్ బటర్ సీసాలలో కూడా ఉంటుంది కాబట్టి, బొమ్మలో పూయడానికి పీనట్ బటర్ వాడేవారు ఆ సీసా వెనుక కూడా చదవాలి. జైలిటాల్‌కు ఈ-967 అనే సంకేతం కూడా ఉంది.

పళ్లు శుభ్రపరుస్తుందని చెప్పే చ్యూ మీద వీఓహెచ్‌సీ ముద్ర ఉంటే ఆ మాటకు ఆధారం ఉన్నట్టు లెక్క. అమెరికాలో 1997లో ఏర్పడిన పశు దంత ఆరోగ్య మండలి పరీక్ష ఫలితాలు చూసి ఇచ్చే ముద్ర అది. కానీ ఆ ముద్ర పాచి, గార గురించి చెబుతుంది. మీ కుక్క కడుపుకు సరిపడుతుందా లేదా అన్నది దాని పరిధిలో లేదు.

గోటితో, మోకాలితో పరీక్షించండి

కొనే ముందు బొటనవేలి గోరుతో చ్యూను గట్టిగా నొక్కండి. చిన్న నొక్కు కూడా పడకపోతే అది మీ కుక్క పంటికి తగదు. పశు దంతవైద్యులు చెప్పే మరో పరీక్ష మోకాలిది: ఆ వస్తువుతో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకోవడానికి వెనకాడతారంటే, దాన్ని కుక్కకు ఇవ్వడానికీ వెనకాడాలి. కొమ్ములు, గిట్టలు, బొమికలు, గట్టి నైలాన్ బొమ్మలు ఈ పరీక్షలో తప్పుతాయి. పై దవడలో మాంసం కోయడానికి వాడే పెద్ద పన్ను, అంటే నాలుగో ప్రీమోలార్, ఇలాంటివి కొరికినప్పుడు బయటి వైపు పలకలా ఊడి వస్తుంది. నొప్పి ఉన్నా కుక్క తిండి మానదు; ఒక వైపే నమలడం, డ్రై ఫుడ్‌లోని గట్టి గుళికను నోట్లోంచి జారవిడవడం తప్ప బయటికి గుర్తులు కనబడవు. కొమ్ముల విషయంలో ఇంకొక మాట. మన అడవుల దుప్పి కొమ్ములతో వ్యాపారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం, కాబట్టి అవి రాలిన కొమ్ములే అని ఎవరు నచ్చజెప్పినా కొనకండి.

పరిమాణం చూసేటప్పుడు ప్యాకెట్ మీది ‘స్మాల్, మీడియం’ మాటలను నమ్మి ఊరుకోవద్దు. చ్యూ కుక్క మూతి కంటే పొడవుగా, నోట్లో మొత్తంగా పట్టనంత పెద్దదిగా ఉండాలి. ల్యాబ్రడార్ లాంటి మింగుడు స్వభావం ఉన్నవాటికి ఒక సైజు పెద్దదే ఇవ్వండి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి దారి ఇరుకు, వాటికి జిగురుగా సాగే చ్యూలు అసలే వద్దు.

దుకాణంలో దొరికేవాటిని తూచి చూడండి

మన ఊళ్లలో ఎక్కువగా అమ్ముడుపోయేది ముడి వేసిన తెల్లని తోలు బొమిక, అంటే రాహైడ్. తోలు పరిశ్రమలో మిగిలే చర్మపు లోపలి పొరను సున్నంతోనూ రసాయనాలతోనూ శుద్ధి చేసి, తెల్లబరచి, చుట్టి ఆరబెడతారు. సున్నితమైన కడుపుకు ఇది నా దృష్టిలో జాబితాలో చిట్టచివరిది. ఒక చిన్న ముక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టి చూడండి: తెల్లారేసరికి ఉబ్బి, జారుడుగా తయారై, రెండు చేతులతో లాగినా తెగని పొరగా విడివడుతుంది. కుక్క కడుపులో ఆమ్లం, ఎంజైములు ఉంటాయి కాబట్టి గిన్నెలో నీళ్లు దానికి సమానం కాదు. అయినా ఆ పొరను పెద్ద ముక్కలుగా మింగితే పేగులో ఏ రూపంలో ఉంటుందో ఊహించుకోవడానికి ఈ పరీక్ష చాలు.

బుల్లీ స్టిక్ అనేది ఎద్దు లేదా దున్న జననాంగాన్ని ఎండబెట్టి చేసినది. రాహైడ్ కంటే తేలికగా అరుగుతుంది, గోరు కూడా దిగుతుంది. కానీ రెండు చిక్కులున్నాయి. అమెరికా, కెనడా పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో అంగుళానికి 9 నుంచి 22 కేలరీలు ఉన్నట్టు తేలింది. సూక్ష్మజీవుల కోసం పరీక్షించిన 26 పుల్లల్లో ఏడింటిలో ఈ-కోలై బాక్టీరియా కనబడింది. బాగా వేడి చేసి తయారుచేశామని రాసిన కంపెనీదే ఎంచుకుని, ముట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోండి. చర్మం లోపలి పొర నుంచే చేసినా రసాయనాలతో తెల్లబరచకుండా వచ్చే కొలాజెన్ పుల్లలు ఇదే కోవలోకి వస్తాయి. గొడ్డు మాంసం పడే కుక్కకు వారానికొకటి పరవాలేదు.

పంది చెవుల్లో కొవ్వు ఎక్కువ, క్లోమం వాపు వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు అవి నిషిద్ధం. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇవి తేలికగా దొరుకుతాయి. 2019లో అక్కడ పంది చెవుల ట్రీట్ల వల్ల 34 రాష్ట్రాలలో 154 మంది మనుషులకు సాల్మొనెల్లా బాక్టీరియా సోకింది. చంటిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లోకి అవి తేకపోవడమే మేలు.

శాకాహార కుటుంబాలు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఛుర్పీ. నేపాల్, సిక్కిం, డార్జిలింగ్ కొండల్లో మనుషులే బుగ్గన పెట్టుకుని గంటల తరబడి నమిలే ఎండు జున్ను ఇది. పాలను విరిచి నీరంతా పిండేస్తారు కాబట్టి లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, చాలా తక్కువ. పాలు తాగితే విరేచనాలయ్యే కుక్కల్లో చాలావరకు దీన్ని తట్టుకుంటాయి. అయితే పాల ప్రోటీన్ అలాగే ఉంటుంది, కాబట్టి పాల అలెర్జీ ఉంటే పనికిరాదు. పైగా అది మోకాలి పరీక్షలో నెగ్గదు. పళ్లు అరిగిన పెద్ద కుక్కకు, ఆవేశంగా కొరికే కుక్కకు ఇవ్వకండి. మెల్లగా గీకుతూ, నాకుతూ కూర్చునే కుక్కకు మాత్రం కొద్దిసేపు ఇవ్వవచ్చు. చివరి తునకను నానబెట్టి మైక్రోవేవ్‌లో ఒక నిమిషం లోపు వేడి చేస్తే పొంగి పెళుసవుతుంది. పూర్తిగా చల్లారాక పెట్టండి, లోపలి వేడి వెంటనే తగ్గదు.

ఇక ఇంట్లోంచి వెళ్లేవి. ఆదివారం మధ్యాహ్నం ప్లేట్లో మిగిలిన కోడి ఎముకలు, నల్లి బొక్కలు కుక్కకు వేయడం మనకు తరతరాల అలవాటు. ఉడికిన ఎముక పెళుసై సూదుల్లా విరుగుతుంది, నల్లి బొక్క ఉంగరం కింది దవడకు తగులుకుని ఊడి రాదు, లోపలి మూలుగంతా కొవ్వు. ఎండాకాలంలో మామిడి టెంక, వానాకాలంలో మొక్కజొన్న కండె ఇంకా మోసకారివి: రుచిగా ఉంటాయి, జారుతూ గొంతు దిగిపోతాయి, పేగులో ఆగిపోతాయి. కొబ్బరి పీచు కూడా అంతే. చెత్తబుట్టకు మూత ఉండాలి.

ఉన్న ఆహారాన్నే చ్యూగా మార్చండి

సున్నితమైన కడుపుకు నేను అన్నింటికంటే ముందు పెట్టేది ఇదే. లోపల బోలుగా ఉండే సహజ రబ్బరు బొమ్మ ఒకటి కొనండి. ఈ తరహా బొమ్మల్లో పేరుపొందిన కాంగ్, 1970లలో అమెరికాలోని కొలరాడోలో పుట్టింది. రాళ్లు నమిలి పళ్లు పాడుచేసుకుంటున్న తన జర్మన్ షెపర్డ్‌కు జో మార్ఖమ్ అనే ఆయన వోక్స్‌వ్యాగన్ వ్యాను రబ్బరు భాగాన్ని విసిరి చూడటం దానికి మూలం. ఏ కంపెనీది కొన్నా మూడు విషయాలు చూడండి. బొటనవేలితో నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ యథాస్థితికి రావాలి. నోట్లో మొత్తంగా పట్టకూడదు. రెండు వైపులా రంధ్రాలుండాలి. ఒకే రంధ్రం ఉన్న బొమ్మలో నాలుక దూరినప్పుడు గాలి చొరక పీల్పు ఏర్పడి నాలుక ఇరుక్కుపోయిన ఘటనలున్నాయి.

కుక్క రోజూ తినే డ్రై ఫుడ్‌లోంచే కొంత తీసి, సమానంగా గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట నాననివ్వండి. గుళికలు వేలితో నొక్కితే చిదిమేంత మెత్తబడ్డాక ముద్దగా మెదిపి, చిన్న రంధ్రాన్ని ఒక గుళికతో మూసి, మిగతాదాన్ని లోపల పూర్తిగా కూరండి. డాక్టరు రాసిన డబ్బా ఆహారమైతే నానబెట్టే పని కూడా లేదు. మొదటిసారి గడ్డకట్టించకుండా వదులుగా నింపి ఇవ్వండి, లేకపోతే కుక్క విసిగి వదిలేస్తుంది. పని అర్థమయ్యాక రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, ఇచ్చే ముందు పది నిమిషాలు బయట పెట్టి ఇవ్వండి. మరీ చల్లనిది గబగబా మింగితే కొన్ని కుక్కలు కక్కుతాయి. గిన్నెలో పెడితే నిమిషంలో ఖాళీ అయ్యే ఆహారమే ఇలా ఇస్తే ఇరవై నిమిషాలకు పైగా పట్టవచ్చు. కడుపులోకి వెళ్లింది మాత్రం అది రోజూ తినేదే. బొమ్మలోకి వెళ్లినంత పూట తిండిలో తగ్గించండి. వాడిన ప్రతిసారీ బ్రష్‌తో లోపల కడిగి ఆరబెట్టండి, పగుళ్లు కనబడిన రోజున పారేయండి.

పళ్లతో కొరికే తృప్తి కావాలంటే చిలగడదుంప ముక్కలు చేయవచ్చు. దుంపను కడిగి, తొక్క తీసి, నిలువుగా ఒక సెంటీమీటరు మందాన కోసి, 120 డిగ్రీల ఓవెన్‌లో సుమారు మూడు గంటలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ ఆరబెట్టండి. విరగకుండా తోలులా వంగితే సరైన పాకం. ఉప్పు, నూనె, కారం ఏవీ వద్దు. ఎండలో ఆరబెట్టడం, ముఖ్యంగా కోస్తా తేమలో, నేను సిఫారసు చేయను; ఈగలు వాలుతాయి, లోపలి తేమ పోక బూజు పడుతుంది. ఈ దుంపలో ఆక్సలేట్లు, పిండిపదార్థం ఎక్కువ కాబట్టి మూత్రాశయంలో ఆక్సలేట్ రాళ్లున్న కుక్కకు, మధుమేహం ఉన్న కుక్కకు డాక్టరును అడగనిదే పెట్టవద్దు.

కేలరీలు లెక్క వేయండి

ట్రీట్లు, చ్యూలు అన్నీ కలిపి రోజువారీ కేలరీలలో పదో వంతు దాటకూడదు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స అయిన, మామూలు చురుకుదనం ఉన్న 10 కిలోల పెద్ద కుక్కకు రోజుకు దాదాపు 630 కేలరీలు కావాలి, అంటే చ్యూ వాటా 63. ఆరు అంగుళాల బుల్లీ స్టిక్ ఒక్కటే 54 నుంచి 132 కేలరీల దాకా ఉండవచ్చు. అందువల్ల చిన్న కుక్కకు పుల్ల మొత్తం ఒకేరోజు ఇవ్వడం తగదు.

కొత్త చ్యూను మెల్లగా అలవాటు చేయండి

ఒకసారికి ఒక్క కొత్త వస్తువు మాత్రమే. మొదటి రోజు ఐదు నుంచి పది నిమిషాలు ఇచ్చి తీసేసి, తరువాతి రెండు రోజులు మలం చూడండి. పలచబడకపోతే, కక్కకపోతే, కడుపులో గుడగుడలు, గ్యాసు పెరగకపోతే ఈసారి ఇరవై నిమిషాలు ఇవ్వండి. మూడు నాలుగు విడతలు సజావుగా గడిచాకే దాన్ని మీ జాబితాలో చేర్చుకోండి. ఖాళీ కడుపున ఆవురావురుమని ఉన్నప్పుడు కాకుండా, తిన్న తరువాత ఇస్తే మింగే తొందర తగ్గుతుంది.

తీసుకోవడం కూడా నేర్పాలి. నోట్లోంచి బలవంతంగా లాగితే కుక్క రెండోసారి మీరు దగ్గరికి వస్తుండగానే ఉన్నది ఉన్నట్టు మింగేస్తుంది. దానికి పడే ఒక గుళిక ముక్కు ముందు పెట్టి, ‘వదులు’ అని చెప్పి, నోరు తెరిచాక చ్యూను తీసి, కొన్నిసార్లు తిరిగి దానికే ఇవ్వండి. చ్యూ అరిగి నోట్లో పట్టేంత చిన్నదైన క్షణంలో తీసేయాలి. ఇంట్లో రెండు మూడు కుక్కలుంటే వేరు వేరు గదుల్లో ఇవ్వండి, పోటీలో నమలడం ఉండదు, మింగడమే ఉంటుంది. మీరు బయటికి వెళ్లేటప్పుడు వదిలి వెళ్లదగినది, అలవాటైన రబ్బరు బొమ్మ ఒక్కటే.

మిగిలినదాన్ని గాలి చొరని డబ్బాలో, సగం నమిలినదైతే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో ముగించండి. వర్షాకాలంలో బూజు చుక్కలు, పాత నూనె వాసన కనబడితే తుడిచి ఇవ్వకుండా పారేయండి.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి

ఒక్కసారి మలం పలచబడితే చ్యూ ఆపి, నీళ్లు అందుబాటులో ఉంచి ఒక రోజు చూడవచ్చు. మనుషుల లూజ్ మోషన్ మాత్రలు మాత్రం వేయకండి. వాటిలో ఉండే లోపెరమైడ్ అనే మందు కోలీ జాతి కుక్కల్లో జన్యులోపం ఉన్నవాటికి మెదడు మీద పనిచేస్తుంది. పదే పదే కక్కుతుంటే, నీళ్లు కూడా నిలవకపోతే, మలవిసర్జన ఆగిపోతే, రక్తంతో జిగటగా విరేచనాలైతే, ముందు కాళ్లు చాపి వెనుక భాగం పైకెత్తి నిలబడుతుంటే, చొంగ కారుస్తూ పంజాతో మూతిని గీక్కుంటుంటే ఆ పూటే తీసుకెళ్లాలి. ఉప్పు నీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి, ఆ ఉప్పే విషమవుతుంది. తోలు, రబ్బరు ముక్కలు ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడకపోవచ్చు, స్కానింగ్ అవసరం కావచ్చు. కాబట్టి చ్యూ ప్యాకెట్టును, మిగిలిన ముక్కను, ఎంత పరిమాణం మింగిందో, ఏ సమయానికి మింగిందో రాసిన చీటీని వెంట తీసుకెళ్లి డాక్టరు చేతికివ్వండి.